స్మోల్ట్జ్‌నిచ్చి అలెగ్జాండర్‌ని తెచ్చుకున్న కథ

(కమ్యూనిటీ రేడియో వారాంతపు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి పాఠం)



ఈ కార్యక్రమంలో మామూలుగా పుస్తకాల గురించో, పాత సినిమాల గురించో మాట్లాడుకుంటూ ఉంటాం. ఇవాళ బేస్‌బాల్ గురించి మాట్లాడతానంటే మా వ్యాఖ్యాత గారు కాసేపు ఆలోచించి, "మనవాళ్ళు వింటారంటారా?" అన్నారు. వింటారనే నా నమ్మకం. ఎందుకంటే ఇది ఆట గురించిన కథే అయినా, ఇవాళ్టి అవసరం కోసం రేపటి మనిషిని వదులుకోవడం గురించిన కథ కూడా. ఆ పని మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు చేసినవాళ్ళమే.

నేను 1998లో డెట్రాయిట్ వచ్చాను. మా ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒక పెద్దాయన ఉండేవారు. 1999లో పాత టైగర్ స్టేడియం మూసేస్తున్నారని తెలిసి, "మూసెయ్యక ముందు ఒక్కసారైనా చూడు" అని నన్ను వెంటబెట్టుకు వెళ్ళారు. మిషిగన్, ట్రంబుల్ వీధుల మూల మీద, 1912 నుంచీ ఆటలు జరిగిన చోటు అది. ఆ రోజు నాకు ఆట సగం కూడా అర్థం కాలేదు. కానీ ఏదో తెలిసినవాడిలా కనబడాలని, ఆఫీసులో విన్న ఒక జోకు వదిలాను: "మీ టైగర్స్ వాళ్ళు స్మోల్ట్జ్‌ని ఇచ్చేసి ఒక ముసలి పిచర్ని కొనుక్కున్నారటగా!"

ఆయన నవ్వలేదు. మైదానం వైపే చూస్తూ, "ఆ ఆదివారం నువ్విక్కడ లేవు కదా" అన్నారు. అంతే. ఆ మాటకి అర్థం తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ముందు బేరం సంగతి చెబుతాను. 1987 ఆగస్టు 12. డెట్రాయిట్ టైగర్స్ ఆ ఏడు మొదటి 30 ఆటల్లో 11 మాత్రమే గెలిచి, తర్వాత ఎలాగో పుంజుకుని, టొరాంటో బ్లూ జేస్‌తో నువ్వా నేనా అన్నట్టు పోటీపడుతున్నారు. ఇంకా ఏడు వారాల ఆట మిగిలి ఉంది. కావలసింది ఇంకొక నమ్మకమైన పిచర్. అట్లాంటా బ్రేవ్స్ దగ్గర డోయల్ అలెగ్జాండర్ ఉన్నాడు. వయసు 36. ఆ ఏడు అతని లెక్క 5 గెలుపులు, 10 ఓటములు. అతన్ని తీసుకుని, బదులుగా డెట్రాయిట్ ఇచ్చింది జాన్ స్మోల్ట్జ్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి. మన వైపు కుండమార్పిడి సంబంధాలు అంటారే, అలాగన్నమాట. మీ పిల్లాణ్ణి మాకివ్వండి, మా పిల్లాణ్ణి మీకిస్తాం.

ఈ కుర్రాడు పరాయివాడు కాదు. మిషిగన్‌లోనే పుట్టి, లాన్సింగ్‌లో పెరిగినవాడు. వాళ్ళ తాతగారు టైగర్ స్టేడియంలోనే పనిచేసేవారు. 1984లో టైగర్స్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఇతనికి పదిహేడేళ్ళు. ఆ సిరీస్‌లో రెండు ఆటలు గెలిపించిన జాక్ మోరిస్ అంటే ఇతనికి ప్రాణం. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో సీటు వదులుకుని మరీ టైగర్స్‌లో చేరాడు. అలాంటివాణ్ణి చేరిన రెండేళ్ళకే అట్లాంటాకి పంపేశారు.

ఎందుకు పంపారంటే, అప్పటికి అతని లెక్కలు అలా ఉన్నాయి. గ్లెన్స్ ఫాల్స్ అనే ఊళ్ళో, మైనర్ లీగ్ టీములో ఆడుతున్నాడు. 4 గెలుపులు, 10 ఓటములు. తొమ్మిది ఇన్నింగ్‌లకి సగటున అయిదున్నర పరుగుల పైనే ఇస్తున్నాడు. బంతి వేగం ఉంది, కానీ అది ఎక్కడికి పోతుందో వేసినవాడికే తెలియదు. కాగితం మీద చూస్తే, ఎవరూ పెద్దగా బాధపడాల్సిన బేరం కాదు.

ఇక్కడ పిచింగ్ గురించి రెండు మాటలు. మన క్రికెట్‌లో బౌలర్ పరుగెత్తుకుంటూ వచ్చి వేస్తాడు, బంతి నేలని తాకి లేస్తుంది. ఇక్కడ పిచర్ మట్టిదిబ్బ మీద నిలబడి 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి నేరుగా విసురుతాడు. గంటకి 90 మైళ్ళ వేగంతో విసిరిన బంతి సెకనులో పదింట నాలుగు వంతుల్లో బ్యాటర్ని చేరుతుంది. కొట్టాలా వద్దా అని అతను అంతకు ముందే తేల్చుకోవాలి. అందుకని పిచర్‌కి రెండు దారులు. ఒకటి, బ్యాటర్‌కి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వనంత వేగంగా వెయ్యడం. రెండోది, అతను ఆలోచించుకున్నది తప్పయ్యేలా చెయ్యడం. వేగంగా వస్తుందనుకున్నది నెమ్మదిగా రావాలి, నెమ్మదనుకున్నది దూసుకుపోవాలి. మొదటి దారి కుర్రవాళ్ళది, రెండోది ముసలివాళ్ళది.

అలెగ్జాండర్ రెండో దారి మనిషి. భుజంలో పాత బలం లేదు. కానీ ప్రతి బంతికీ వేగం మార్చేవాడు. ఒకే చోట రెండు బంతులు వేసేవాడు కాడు. బ్యాటర్లు బంతి కోసం ముందే బ్యాటు ఊపేసి, గాలిని కొట్టి, సిగ్గుపడుతూ వెనక్కి పోయేవారు.

డెట్రాయిట్ వచ్చాక అతను చేసినది చూడండి. 11 ఆటలు మొదలుపెట్టాడు. 9 గెలుపులు, ఓటమి ఒక్కటి కూడా లేదు. ఏ గెలుపూ అతని ఖాతాలో పడని మిగతా రెండు ఆటలూ కూడా టీము గెలిచింది. తొమ్మిది ఇన్నింగ్‌లకి సగటున ఇచ్చినవి 1.53 పరుగులు. ఏడు వారాల పాటు అతన్ని మించిన పిచర్ ఆ లీగులో లేడంటే అతిశయోక్తి కాదు.

అయినా సరిపోయేలా లేదు. సెప్టెంబర్ చివరికి, ఇంకా ఏడు ఆటలుండగా, టొరాంటో మూడున్నర ఆటల ముందంజలో ఉంది. సెప్టెంబర్ 27న టొరాంటోలో అలెగ్జాండర్ పదో ఇన్నింగ్ దాటేదాకా వేస్తూనే ఉన్నాడు. 13వ ఇన్నింగ్‌లో డెట్రాయిట్ గెలిచింది. అక్కణ్ణుంచి టొరాంటో వరసగా ఓడిపోతూ వచ్చింది. ఆఖరి మూడు ఆటలు డెట్రాయిట్‌లో, ఈ రెండు టీముల మధ్యనే. అప్పటికి టొరాంటో ఒక్క ఆట ముందుంది. శుక్రవారం 4-3, గెలిపించింది అలెగ్జాండరే. శనివారం 12 ఇన్నింగ్‌లాడి 3-2. అక్టోబర్ 4, ఆదివారం, 1-0. ఫ్రాంక్ తనానా అనే ఎడమచేతి పిచర్ మొత్తం ఆట ఒక్కడే వేశాడు. డెట్రాయిట్ పుట్టిన పిల్లాడు, ఒకప్పుడు మహా వేగంగా వేసినవాడు, భుజం దెబ్బతిన్నాక నెమ్మది బంతులు నేర్చుకున్నవాడు. లారీ హెర్న్‌డన్ కొట్టిన ఒక్క హోమ్ రన్ చాలింది. టైగర్స్ 98, బ్లూ జేస్ 96. రెండే రెండు గెలుపుల తేడా.

మా ఆఫీసు పెద్దాయన చెప్పిన ఆదివారం అదే. ఆయన ఆ రోజు భార్యనీ, ఇద్దరు పిల్లల్నీ తీసుకుని స్టేడియంలో ఉన్నారు.

ఇప్పుడు ఆలోచించండి. రెండు గెలుపుల తేడాతో నెగ్గిన టీముకి తొమ్మిది గెలుపులు తెచ్చినవాడు అలెగ్జాండర్. అతను లేకపోతే ఆ ఆదివారం లేదు. డెట్రాయిట్ అంగడికి వెళ్ళి ఏది అడిగిందో అదే దొరికింది, అడిగినదానికంటే ఎక్కువే దొరికింది. తర్వాతి అంకంలో మిన్నెసోటా ట్విన్స్ చేతిలో 4-1 తేడాతో ఓడిపోయారు. ఆ ట్విన్స్ అంతకు ముందు గెలిచినవి 85 ఆటలే. అలెగ్జాండర్ ఆడిన రెండు ఆటలూ ఓడిపోయాడు. నూనె అయిపోయిన దీపం అది. మరుసటి ఏడు 14 గెలిచాడు, 1989లో 18 ఓడిపోయి ఆట మానేశాడు.

డెట్రాయిట్ సంగతీ అంతే అయింది. 1989లో 103 ఓటములు. మళ్ళీ పై అంకానికి చేరింది 2006లో. పంతొమ్మిదేళ్ళు. ఆ పంతొమ్మిదేళ్ళూ జనం టీవీలో స్మోల్ట్జ్‌ని అట్లాంటా చొక్కాలో చూస్తూ గడిపారు.

స్మోల్ట్జ్ వెళ్ళిన అట్లాంటా అప్పుడు అట్టడుగు టీము. 1988లో 106 ఆటలు ఓడిపోయింది. ఆ ఏడు జులైలో స్మోల్ట్జ్ పెద్ద లీగులో అడుగుపెట్టి 2 గెలిచాడు, 7 ఓడాడు. సగటున అయిదున్నర పరుగులు, మళ్ళీ పాత లెక్కే. కానీ టీమే అడుగున ఉన్నప్పుడు ఒక కుర్రాడు ఓడిపోతే ఎవరికి తొందర? మళ్ళీ వెయ్యి, మళ్ళీ నేర్చుకో అన్నారు. 1989లో 12 గెలిచాడు. 1991లో మొదటి సగంలో 2 గెలుపులు, 11 ఓటములు. వేరే టీమైతే మైనర్ లీగ్‌కి పంపేసేది. వీళ్ళు పంపలేదు. రెండో సగంలో 12 గెలిచి 2 ఓడాడు.

దీని వెనకున్న మనిషి బాబీ కాక్స్. 1987లో ఆయన అట్లాంటా జనరల్ మేనేజర్, ఈ బేరం కుదిర్చింది ఆయనే. 1990లో మైదానంలోకి మేనేజరుగా దిగి, లియో మజోనీని పిచింగ్ కోచ్‌గా తెచ్చుకున్నారు. మజోనీ పద్ధతి మామూలు కోచ్‌లకి వింతగా ఉండేది. అప్పట్లో పిచర్లు ఆటకీ ఆటకీ మధ్య ఒక్కసారి సాధన చేసి మిగతా రోజులు భుజానికి విశ్రాంతి ఇచ్చేవారు. మజోనీ రెండుసార్లు వేయించేవాడు, కానీ బలమంతా పెట్టనిచ్చేవాడు కాదు. వేగం సంగతి తర్వాత, బ్యాటర్‌కి దూరంగా, కిందుగా, బయటి మూలకి మళ్ళీ మళ్ళీ వెయ్యడం నేర్చుకో అనేవాడు. సంగీతం పాఠంలో సరళీ స్వరాలు పాడించినట్టే. గ్రెగ్ మ్యాడక్స్, టామ్ గ్లావిన్, స్మోల్ట్జ్, ఈ ముగ్గురూ ఆ సాధనలోనే ఉన్నారు. 1991 నుంచి 1998 దాకా ఎనిమిదేళ్ళలో నేషనల్ లీగులో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఆరుసార్లు అట్లాంటాలో ఆడుతున్న ఈ ముగ్గురికే వచ్చింది. 1996లో 24 గెలిచి స్మోల్ట్జ్ అందుకున్నాడు.

ఆ తర్వాత మోచెయ్యి దెబ్బతింది. సర్జరీ అయి 2000 మొత్తం ఆడలేదు. తిరిగొచ్చాక ఆట చివర్లో ఒక్క ఇన్నింగ్ వేసి ముగించే క్లోజర్ పనికి మారాడు. 2002లో 55 ఆటలు అలా ముగించి నేషనల్ లీగులో అప్పటికి రికార్డు పెట్టాడు. 2005లో మళ్ళీ ఆట మొదలుపెట్టే పిచర్ అయ్యాడు. 213 గెలుపులు, 154 సేవ్‌లు. రెండు వందల గెలుపులూ, నూటయాభై సేవ్‌లూ రెండూ ఉన్నవాడు ఇంకొకడు లేడు. 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

ఇంకో చిత్రం చెబుతాను. కాక్స్‌కి అలెగ్జాండర్ కొత్త కాదు. కాక్స్ టొరాంటో మేనేజరుగా ఉన్నప్పుడు, 1985లో ఆ టీము మొట్టమొదటిసారి డివిజన్ గెలిచిన రోజు బంతి వేసినవాడు అలెగ్జాండరే. అట్లాంటాకి మారాక 1986లో కాక్స్ అతన్ని టొరాంటో నుంచి తెప్పించుకున్నారు. బదులుగా ఇచ్చింది డ్వేన్ వార్డ్ అనే కుర్ర పిచర్ని. అంటే ఏడాది ముందు డెట్రాయిట్ చేసిన పనే కాక్స్ తనూ చేశారు. ముసలివాడి కోసం కుర్రాణ్ణి ఇచ్చుకున్నారు. 1992 వరల్డ్ సిరీస్‌లో అట్లాంటా, టొరాంటో తలపడ్డాయి. రెండో ఆట మొదలుపెట్టింది స్మోల్ట్జ్. గెలుపు మాత్రం పడింది టొరాంటో తరఫున చివర్లో వచ్చిన డ్వేన్ వార్డ్ ఖాతాలో. అలెగ్జాండర్ కోసం చేతులు మారిన ఇద్దరు కుర్రాళ్ళూ ఒకే ఆటలో ఎదురుబొదురు నిలబడ్డారు. ఆ సిరీస్‌లో వార్డ్ రెండు ఆటలు గెలిచాడు, టొరాంటో కప్పు పట్టుకుపోయింది. కాబట్టి కాక్స్ మహా దూరదృష్టి కలవాడనీ, డెట్రాయిట్ వాళ్ళు గుడ్డివాళ్ళనీ అనడానికి లేదు. ఒక బేరంలో మోసపోయినవాడే ఇంకో బేరంలో లాభపడ్డాడు.

నా అభిప్రాయం ఇంకొకటుంది. స్మోల్ట్జ్ డెట్రాయిట్‌లోనే ఉండి ఉంటే ఇదే స్మోల్ట్జ్ అయ్యేవాడా? 1988లో డెట్రాయిట్ ఒకే ఒక్క ఆట తేడాతో బోస్టన్ చేతిలో డివిజన్ పోగొట్టుకుంది. అలాంటి టీము 2 గెలిచి 7 ఓడే కుర్రాణ్ణి భరించేదా? పిచర్ అంటే బీరువాలో దాచిన బంగారం కాదు, ఎవరింట్లో ఉన్నా అదే తూకం తూగడానికి. వరి నారు లాంటిది. ఏ మడిలో నాటారు, ఎవరు నీరు పెట్టారు అన్నదాన్ని బట్టి పండుతుంది. "స్మోల్ట్జ్‌ని పోగొట్టుకున్నారు" అని మనం అంటున్న ఆ స్మోల్ట్జ్ అప్పటికింకా లేడు. కానీ అలా తయారు కాగలిగిన పిల్లాడు ఉన్నాడు. డెట్రాయిట్ తప్పంతా అక్కడుంది. 4, 10 అనే అంకెలు చూసింది, ఆ అంకెలు వేసింది ఇరవై ఏళ్ళవాడన్న సంగతి తగినంతగా చూడలేదు.

ఈ బేరాల్లో ఆటగాళ్ళకి నోరుండదు. దీని మీద మొదట గట్టిగా ఎదురుతిరిగింది కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్‌లో పన్నెండేళ్ళు ఆడినవాణ్ణి 1969లో ఫిలడెల్ఫియాకి ఇచ్చేశారు. ఆ సంగతి అతనికి తెలిసింది ఫోనులో. నేను అమ్ముకునే సరుకుని కానని కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీం కోర్టు 5-3 తీర్పుతో అతనికి వ్యతిరేకంగా చెప్పింది. అతని ఆట ముగిసిపోయింది. కానీ ఆ పోరాటం వృథా కాలేదు. పెద్ద లీగులో పదేళ్ళు, అందులో ఆఖరి అయిదేళ్ళు ఒకే టీములో ఉన్నవాణ్ణి అతని ఒప్పుకోలు లేకుండా పంపకూడదన్న నిబంధన 1973లో వచ్చింది. 1975 తర్వాత ఆటగాళ్ళు స్వేచ్ఛగా వేరే టీముకి వెళ్ళే దారీ తెరుచుకుంది. మైనర్ లీగ్ కుర్రాడికి మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇంకో మార్పు, 2019 నుంచి సీజను మధ్యలో బేరాలకి ఒకటే గడువు, జులై చివరికో ఆగస్టు మొదటికో సరి. అలాంటి ఆగస్టు బేరం ఇప్పుడు చెయ్యనివ్వరు.

ఇక నా సంగతి చెప్పి ముగిస్తాను. కొన్నేళ్ళ కిందట ఒక ప్రాజెక్టుకి నేను లీడ్‌గా ఉన్నాను. తేదీ దగ్గరపడుతోంది. నా టీములో వరంగల్ వైపు కుర్రాడొకడు కొత్తగా చేరాడు. తెలివైనవాడే, కానీ తప్పులెక్కువ చేసేవాడు. అతన్ని వేరే విభాగానికి పంపి, ఆ చోట్లో పాతికేళ్ళ అనుభవమున్న కాంట్రాక్టర్ని తెచ్చుకున్నాను. పని తేదీకి అయిపోయింది. నా అలెగ్జాండర్ కూడా ఒక్క ఆట ఓడలేదు. ఆ కుర్రాడికి ఆ మాట నేను ఎదురుగా చెప్పలేదు. ఈమెయిల్ పంపాను. మా సీట్ల మధ్య దూరం నలభై అడుగులుంటుంది.

ఆరేళ్ళ తర్వాత ఒక ఉగాది కార్యక్రమంలో కనిపించాడు. ఇప్పుడతని కింద ముప్పైమంది పనిచేస్తున్నారు. నేను నసుగుతుంటే తనే అందుకుని, "మీరు పంపకపోతే నేను అక్కడ్నే ఉండేటోణ్ణి అన్నా. మంచే అయింది" అన్నాడు. కాసేపాగి, "కానీ ఆ రోజు మీరొచ్చి చెప్తరని సాయంత్రం దాకా కూసున్న" అన్నాడు.

మా పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ బేరం మళ్ళీ చేస్తారా అని ఆయన్ని ఒకసారి అడిగాను. "చేస్తాను. ఆ ఆదివారం నా పిల్లలు నా పక్కనున్నారు" అన్నారు. నేనూ నా బేరం మళ్ళీ చేస్తాననే అనుకుంటున్నాను. ఈమెయిల్ మాత్రం పంపను.

ఆఖరుగా ఒక ఆట గుర్తు చేస్తాను. 1991 అక్టోబర్ 27, మినియాపొలిస్, వరల్డ్ సిరీస్ ఏడో ఆట. నాలుగేళ్ళ కిందట అలెగ్జాండర్ మొదటి ఆట ఓడిపోయిన మైదానమే అది. అట్లాంటా తరఫున ఇరవై నాలుగేళ్ళ స్మోల్ట్జ్. ఎదురుగా, డెట్రాయిట్ వదిలి ట్విన్స్‌లో చేరిన జాక్ మోరిస్, లాన్సింగ్‌లో ఆ పిల్లాడు ఆరాధించిన మోరిస్. స్మోల్ట్జ్ ఎనిమిదో ఇన్నింగ్ దాకా ఒక్క పరుగివ్వలేదు. మోరిస్ పది ఇన్నింగ్‌లు వేసి ఒక్కటీ ఇవ్వలేదు. 1-0తో ట్విన్స్ గెలిచారు. డెట్రాయిట్ పెంచిన ఇద్దరు పిచర్లు వేరే ఊళ్ళో, వేరే చొక్కాలు తొడుక్కుని ఆడిన ఆట అది. ఆ రాత్రి డెట్రాయిట్‌లో టీవీ ముందు కూర్చున్నవాళ్ళు ఎవరు గెలవాలని కోరుకున్నారో మరి.